నా ఎడమకాలు, మావ వెన్నుపాము

మా ఊళ్ళో నాకంటే నా ఎడమకాలికి మర్యాద ఎక్కువ.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే అందరు పిల్లల్లా తల ముందు రాకుండా, కాళ్ళు ముందు పెట్టి ఈ భూమ్మీదికి దిగాను. ఆ దిగడంలోనే మా అమ్మ పోయింది. "తల్లిని మింగిన గుంట" అని ఊరు అనబోయేలోపే మా అమ్మమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని ఊరికి ఇంకో మాట అందించింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు ఎప్పటినుంచో నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకుని ఆవిడ నా కాలికి పేరు తెచ్చింది. ఐదేళ్ళు వచ్చేసరికి నేను తల్లిని మింగినదాన్ని కాదు, మందు కాలు ఉన్నదాన్ని.

నాట్ల రోజుల్లో మా అరుగు ఖాళీగా ఉండేది కాదు. నడుం కలుక్కుమన్నవాళ్ళు తెల్లారేసరికి వచ్చి బోర్లా పడుకునేవారు. నేను పరగడుపున, స్తంభం పట్టుకుని, ఎడమ మడమతో నడుం మీద మూడుసార్లు తొక్కాలి. "అబ్బా! అమ్మా! అక్కడే, అక్కడే!" అని మూలిగేవారు. తగ్గినవాళ్ళు కొబ్బరికాయో ఆనపకాయో తెచ్చి ఇచ్చేవారు. తగ్గనివాళ్ళకి నమ్మకం చాలలేదని అమ్మమ్మ తేల్చేసేది. నాకు ఆ చెమట వీపులంటే చిరాకు. నన్ను ఏడిపించినవాళ్ళు ఎవరైనా చిక్కితే మూడోసారి కాస్త గట్టిగానే తొక్కేదాన్ని. వాళ్ళే ఎక్కువ సుఖంగా ఉందని చెప్పి పోయేవారు. లోకం తీరు నాకు ఆ అరుగు మీదే సగం తెలిసింది.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. మా నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో స్థిరపడ్డాక నన్ను పెంచింది అమ్మమ్మా, మావా, అత్తా. వానాకాలం మావ మా పొలంలో ఉండేవాడు. వేసవిలో సాలూరు వెళ్ళి లారీలకి బస్తాలు ఎత్తే కలాసీ పని చేసేవాడు. నూరు కిలోల బస్తాని వీపు మీద వేసుకుని చెక్కపలక ఎక్కి లారీ మీదికి నడిచిపోయే మనిషి. చిన్నప్పుడు నన్ను అదే వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించి బడికి దింపేవాడు. "ఒసే గుంటా, నీ కాలు ఊరందరికీ మందు, నా వీపుకి మాత్రం బరువు," అని వెక్కిరించేవాడు.

అది అరవైల చివర. నేను ఎస్సెల్సీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి. కొండమీంచి చింతపండు దిగే రోజులు. లారీ మీద బస్తాలు పేర్చి, పైకెక్కి తాడు బిగించి లాగుతుండగా మావ చేతిలో తాడు తెగింది. లాగుతున్న మనిషి లాగినట్టే వెనక్కి వచ్చి, కింద పడి ఉన్న దుంగకి వీపు తగిలేలా పడ్డాడు. నెత్తురు చుక్క లేదు. ఎముక బయటికి రాలేదు. అందుకే ఎవరూ కంగారు పడలేదు. తోటి కలాసీలు ఇద్దరు చెరో చంకలో చెయ్యి వేసి లేవనెత్తారు. నిలబడలేకపోతే కూర్చోబెట్టి నీళ్ళు పట్టారు. ఎడ్లబండిలో గడ్డి పరిచి, బస్తాకి చేరేసి కూర్చోబెట్టి, గతుకుల దారిన నాలుగు మైళ్ళు ఇంటికి తీసుకొచ్చారు. ఆ తీసుకురావడంలో ప్రేమకి ఏ లోటూ లేదు. ఇవాళ అది తలుచుకుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది.

నేను అప్పుడే చద్దన్నం గిన్నె ముందు కూర్చున్నాను.

"ఏటీ కాలేదు ముసలమ్మా, నడుం పట్టేసినాది. మందు ఇంట్లోనే ఉన్నాది కదా మీకు," అన్నాడొక కలాసీ నావైపు చూసి.

అమ్మమ్మ నా చేతిలో గిన్నె లాక్కుంది. "ముద్ద మింగీలేదు కదే? పరగడుపే కదా? లెగు, బేగి తొక్కు!"

మావని అరుగు మీద బోర్లా పడుకోబెట్టారు. మొహం బూడిద రంగులో ఉంది. నేను స్తంభం పట్టుకుని నడుం మీద తొక్కాను. నడుం ఎప్పుడు పట్టేసినా నేను తొక్కేది నడుం మీదే. దెబ్బ అసలెక్కడ తగిలిందని అడగాలని నాకు తోచలేదు, ఎవరికీ తోచలేదు. మావ కదా అని ప్రేమగా, బలంగా, నా బరువంతా వేసి తొక్కాను. ఒకటి. రెండు. మూడు. అందరూ మూలుగుతారు, మావ మూలగలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. అమ్మమ్మ అప్పటికే గుమ్మం మీద కొబ్బరికాయ కొట్టేసింది.

"ఎలాగున్నాదిరా?"

మావ అరుగుకి ఆనించిన మొహంతోనే అన్నాడు, "తొక్కీసినాదమ్మా. నొప్పి నేదు."

అందరం నవ్వాం. కలాసీలు కొబ్బరి ముక్కలు నములుతూ "లెగరా మరి," అన్నారు. మావ నా చెయ్యి పట్టుకుని లేవబోయాడు. భుజాలు లేచాయి. కాళ్ళు లేవలేదు. ఎవరివో కాళ్ళు తెచ్చి మా అరుగు మీద పడేసినట్టు అలా పడి ఉన్నాయి. పంచె తడిసి, తడి అరుగు మీద పారుతోంది. ఆ సంగతి మా అందరికీ కనబడుతోంది, మావకి మాత్రం తెలియడం లేదు. అత్త కెవ్వుమంది. కలాసీల దవడలు ఆగిపోయాయి. నేను మావ కాళ్ళకేసి చూడలేక నా కాలికేసి చూసుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా కళ్ళముందే జరిగింది. మందు వేసింది నేను.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గుండుసూది తీసి మావ బొటనవేలి దగ్గర మొదలుపెట్టి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. సూది చర్మంలోకి దిగుతుంటే నేను పళ్ళు బిగించాను. మావ పైన తిరుగుతున్న పంకా చూస్తూ, "ఎప్పుడు గుచ్చుతారు బాబూ?" అని అడిగాడు.

డాక్టరు సూది పక్కన పెట్టి మమ్మల్ని కోపంగా చూశాడు. "దెబ్బ తగిలాక ఇతన్ని ఎలా తెచ్చారు? కూర్చోబెట్టా? బల్ల మీద పడుకోబెట్టి, కట్టి, కదలకుండా తేవాలని తెలీదా? వెన్నెవరైనా లాగారా? నొక్కారా?"

అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా నోరు తెరుచుకోలేదు.

మావే అన్నాడు, "ఎవులూ సెయ్యి ఎయ్యలేదు బాబూ."

నిజమే. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేసింది కాలు.

డాక్టరు గొంతు తగ్గించి చెప్పాడు. "ఎముక విరిగి లోపల వెన్నుపాము నలిగిపోయిందమ్మా. విరిగిన ఎముక అతుక్కుంటుంది. నలిగిన వెన్నుపాము తిరిగి రాదు."

అమ్మమ్మ బిగుసుకుపోయింది. "పామా? నా కొడుకు ఎన్నులో పామున్నాదా బాబూ?"

ఆయనకి అవతల ఇంకో పాతికమంది ఉన్నారు. "అందరికీ ఉంటుందమ్మా," అనేసి వెళ్ళిపోయాడు.

అందరికీ ఉంటుంది! ఆ మాటకి మా అమ్మమ్మ తన వీపు మీదికి చెయ్యి పోనిచ్చి తడుముకుంది. తర్వాత నా వీపు చూసింది. తర్వాత నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నా ఎడమకాలు చూసింది. ఏమనుకుందో నాకు వెంటనే అర్థమైంది. పాము నలిగింది. నలిగేలా తొక్కిన కాలు ఇది.

నన్ను చూసి నవ్వుకోండి, నేను ఎస్సెల్సీ రాసినదాన్ని. వెన్నుపాము అన్న మాట నా సామాన్యశాస్త్రం పుస్తకంలోనే ఉంది. బొమ్మ వేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పుస్తకంలో పామూ మావ వీపులో పామూ ఒకటేనని ఆ క్షణాన తట్టలేదు. తట్టినా ఒరిగేదేముంది? అది పాము కాదని చెప్పగలను. నేను తొక్కలేదని చెప్పలేను కదా.

కొన్ని వారాలకి ఇంటికి పంపేశారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు, లేకపోతే ఒత్తుకుని పుళ్ళు పడతాయని. అత్త ఆ పని తన మీద వేసుకుంది. అమ్మమ్మ మావ పాదాల మీద నీలంగా ఉబ్బిన నరాలు నొక్కి చూసి, "నెత్తురు ఆడతాంది కదా, నరాలు సచ్చిపోనాయంటాడేటి ఆ డాక్టరు?" అనేది. మాకు ఒళ్ళంతా నరాలే. నెత్తురు పారేదీ నరమే, కండని ఎముకకి కట్టేదీ నరమే, తలకి కబురు మోసేదీ నరమే. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకున్నాం, అన్నిటికీ ఒకే ఆముదం రాశాం. ప్రతి మంగళవారం అమ్మమ్మ పుట్టలో పాలు పోసింది. నా కాలికి పసుపుదారం కట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జూన్‌లో విజయనగరం వెళ్ళి పి.యు.సి.లో చేరాను. మావే పట్టుబట్టి పంపాడు. దసరా సెలవులకి ఇంటికి వచ్చి, తడిగుడ్డతో మావ కాళ్ళు తుడుస్తున్నాను. అరికాలికి గుడ్డ తగిలింది. కాలు ఎగిరింది! మోకాలు ముడుచుకుని నా చేతిని తన్నింది. గిన్నె దొర్లిపోయింది. నేను అరిచిన అరుపుకి వీధి వీధంతా వచ్చింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ తన్నింది. అమ్మమ్మ నేలమీద సాగిలపడి మొక్కింది. అత్త ఏడుస్తూ బెల్లం పంచింది.

"ఇది తొక్కిన ఫలం! ఆలీసంగానైనా పని సేసినాది," అని అమ్మమ్మ నా ఎడమకాలు కళ్ళకద్దుకుంది. "నాగులచవితికి పుట్టలో పాలోసి, ఇంకోసారి మూడు తొక్కులు తొక్కిందంటే నా కొడుకు లెగిసి నడిసేస్తాడు!"

నేను నమ్మాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ నిండా నమ్మాను. అన్ని నెలలూ గుండెల మీద ఉన్న రాయి దిగినంత పని అయింది. మావ ఒక్కడే ఏమీ అనకుండా తన కాలికేసి పరాయి మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. సంతోషం ఎక్కువై మాట రాలేదనుకున్నాను.

కాలేజీకి తిరిగి వచ్చిన వారంలోపే ప్రాక్టికల్ క్లాసులో మా లెక్చరర్ ఒక కప్పని స్టాండుకి వేలాడదీశారు. దానికి తల లేదు. పై దవడతో సహా మెదడు ఉన్న భాగం కత్తిరించేశారు. చచ్చిన కప్పని ఏం చేస్తారా అనుకున్నాం. చిన్న కాగితం ముక్క నీళ్ళు కలిపిన యాసిడ్‌లో ముంచి దాని పక్కకి అంటించారు. కప్ప కాలు లేచింది. లేచి, ఆ కాగితాన్ని గురిచూసి తుడిచేసింది.

అమ్మాయిలం అందరం ఒక్కసారి వెనక్కి గెంతాం. నేను మాత్రం గెంతడం మానేసి ఆ కాలికేసి చూస్తూ ఉండిపోయాను. ఆ ముడుచుకోవడం, ఆ తన్నడం నాకు తెలుసు. అచ్చం మావ కాలు.

"సార్," అన్నాను. "కప్పకి మంట తెలిసిందా?"

"తెలియడానికి దానికి తల ఏదమ్మా?" అని నవ్వారాయన. తర్వాత బోర్డు మీద బొమ్మ వేశారు. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుల్లాంటివట. వాటి మధ్యలోంచి చిటికెన వేలంత లావున, తాటిముంజెలా మెత్తగా దిగేది వెన్నుపాము. పూసకీ పూసకీ మధ్య సందులోంచి రెండు వైపులా నరాలు బయటికి వస్తాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు నరం మీదుగా వెన్నుపాముకి చేరుతుంది. మెదడు దాకా ఎక్కేలోపే వెన్నుపాము తనంతట తానే "కాలు తియ్యి" అని కబురు పంపేస్తుంది. పైన మెదడుతో తెగిపోయినా కింద మిగిలిన ముక్క ఆ పని చేస్తూనే ఉంటుంది. చివరికి ఆయన ఒక పొడవాటి సూదిని కప్ప వెన్ను లోపలికి దింపి తిప్పారు. మళ్ళీ యాసిడ్ కాగితం అంటించారు. ఈసారి కాలు లేవలేదు.

"మనుషులకి కూడా ఇలాగేనా సార్?"

"వెన్ను విరిగినవాళ్ళలో చూస్తాం. మొదట కాళ్ళు బట్టల్లా పడి ఉంటాయి. కొన్ని వారాలకి ముట్టుకుంటే ఎగరడం మొదలెడతాయి. పాపం ఇంట్లోవాళ్ళు నయమైపోతోందనుకుంటారు."

నేను బయటికి పరుగెత్తి, వరండా చివర కుళాయి దగ్గర నోరు పుక్కిలించి కడుక్కున్నాను. మేం బెల్లం పంచిపెట్టాం. వీధి వీధంతా నోట్లో వేసుకుంది.

నాగులచవితికి వెళ్ళేసరికి అమ్మమ్మ చుట్టాలకి కూడా కబురు పెట్టేసింది. నేను తొక్కుతాను, మావ లేచి నడుస్తాడు, అందరూ చూస్తారు. ఆ ఉదయం అమ్మమ్మా అత్తా చుట్టాలూ పుట్టకి బయల్దేరారు. నన్ను తలంటుకుని, పరగడుపున, మావ దగ్గర ఉండమన్నారు. వాళ్ళు వచ్చేలోపు నేను మావకి నిజం చెప్పాలి. మళ్ళీ ఆ వీపు మీద కాలు వెయ్యడం చచ్చినా నా వల్ల కాదు.

మంచం పక్కన కూర్చుని కప్ప సంగతి చెప్పాను. అడ్డదిడ్డంగా, ఏడుస్తూ చెప్పాను. మావ శ్రద్ధగా విన్నాడు.

"అయితే నా కాలు నాకు సెప్పకుండానే తన్నతన్నాదన్నమాట."

"అవును మావా."

"నాను అలాగే అనుకున్నాను లేయే. మనిసి తన్నితే మనిసికి తెలవదేటి?"

అతనికి తెలుసు. బెల్లం పంచిన రోజునే తెలుసు. నాకు ఇంకేం మిగల్లేదు, అసలు మాట కక్కేశాను. "నా వల్లే మావా. నేను తొక్కబట్టే నలిగింది. డాక్టరుకి కూడా చెప్పలేదు."

మావ తల నావైపు తిప్పాడు. "ఆ రోజు నువ్వు తొక్కినప్పుడు నాకు తెల్దు గుంటా. ఎప్పుడు తొక్కుతావా అని పళ్ళు బిగించుకుని ఎదురు సూస్తన్నాను. ఈలోగా కొబ్బరికాయ పగిలినాది. ఓహో, తొక్కీసినాదన్నమాట అనుకున్నాను."

నేను మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"మరి నొప్పి లేదని ఎందుకన్నావు?"

"ఉన్నాదంటే మీ అమ్మమ్మ ఇంకో మూడు తొక్కించదేటి?" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "పైన ప్రాణం పోతన్నాది. కింద నాను లేను. ఏటని సెప్పనే? అందరూ నీ కాలికేసే సూస్తన్నారు. తల్లిని మింగినాదన్న నోళ్ళు మావని కూడా మింగీసినాదనవా? ఆ ముసల్ది నీ కాలిని నిలబెట్టడానికి ఎంత పాటుపడినాదో నాకు తెలుసు."

నేను ఏడవలేదు. లేచి అతన్ని పక్కకి తిప్పాను. చొక్కా ఎత్తాను. మెడ కింద పూస మీద వేలు పెట్టాను.

"తెలుస్తుందా?"

"తెలుస్తాంది."

ఒక్కో పూసా లెక్కపెట్టుకుంటూ దిగాను. తెలుస్తాంది. తెలుస్తాంది. రెక్క ఎముకలు దాటాను. తెలుస్తాంది. ఒకచోట ఎముక గూనిలా బయటికి పొడుచుకొచ్చి ఉంది, దుంగ తగిలిన చోటు అదే. దాని కింద ఇంకో రెండు వేళ్ళు దిగాను. మావ ఏమీ అనలేదు. గోరుతో నొక్కాను. ఏమీ అనలేదు. నేను తొక్కిన చోటు అక్కడికి ఇంకా జానెడు కింద ఉంది. నా కాలు పడేవేళకే అక్కడ ఎవరూ లేరు.

అలాగని నేను చేతులు కడుక్కోలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి ఈ పాఠమే చెప్పాను. విరిగిన వెన్నుకి తగిలే ప్రతి కుదుపూ లోపలి మెత్తటిదాన్ని ఇంకాస్త నలుపుతుందని నాకు తెలుసు. దుంగ ఎంత నలిపిందో, ఎడ్లబండి ఎంత నలిపిందో, నేనెంత నలిపానో ఎవరూ చెప్పలేరు. ఆ రోజు మాత్రం నా వేలు ఆ గీత మీద పెట్టి, పైన వెచ్చగా తెలిసే మావనీ, కింద వెచ్చగా ఉన్నా తెలియని మావనీ పట్టుకుని కూర్చున్నాను.

గుమ్మంలో అడుగుల చప్పుడు అయింది. అమ్మమ్మ ముందు, చుట్టాలు వెనక. ఒక చేతిలో ఖాళీ పాలచెంబు, ఒక చేతిలో కొబ్బరికాయ. ఎత్తి ఉన్న చొక్కా, వీపు మీద నా చెయ్యి చూసింది.

"ఏటే, నాను రాకుండానే తొక్కీసినావా?"

ఇప్పుడు చెప్పాలి, అందరి ముందూ చెప్పాలి అని పెదవి కదిపాను. మావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తొక్కీసినాదమ్మా," అన్నాడు గోడకేసి చూస్తూ. "నొప్పి నేదు."

అమ్మమ్మ గుమ్మం మీద కొబ్బరికాయ కొట్టింది.